కావడి వెనక దేవకి

తిరువళ్ళూరు,
జనవరి 28

అక్కకు,

ముందు కళ్ళద్దాలు పెట్టుకుని ఎక్కడైనా కుదురుగా కూర్చో. ఇది పొయ్యి దగ్గర నిలబడి చదివే ఉత్తరం కాదు. ఫోన్లో చెబుదామంటే నీ కొడుకు విఘ్నేష్ స్పీకర్ పెట్టి మరీ వింటాడు, ఇక్కడ నా కోడలు రంజిత చెవి ఇటే పడేసి ఉంటుంది. ఈ పిల్లలకు తమిళం తప్ప తెలుగు అక్షరం రాదు కాబట్టి మన గుట్టు కాగితం మీదే భద్రం.

సంగతేమిటంటే, నేను పరుగెత్తుతున్నాను. బస్సు కోసమో రైలు కోసమో కాదు, ఊరికే. ఆరు నెలలుగా రోజూ తెల్లవారగానే గ్రౌండుకు పోయి పరుగెత్తుతున్నాను. యాభై ఏడేళ్ళు వచ్చాక చెల్లెలికి మతి పోయిందని నువ్వు తేల్చేసే లోపల మిగతాది కూడా చదువు.

షుగరు అంచు మీద ఉందని, రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది కదా. నడవడానికి పోయాను. అక్కడ పోలీసు సెలక్షన్‌కు పోయే ఆడపిల్లలు గుంపుగా పరుగెత్తుతూ ఉంటారు. ముందర ఎవరైనా పోతుంటే వెనక పడి పోవడం నాకు అలవాటని నీకు తెలియనిదా? ఒకరోజు తెలియకుండానే నా అడుగు వాళ్ళ అడుగుతో కలిసింది. కొంతసేపటికి పిల్లలు ఒక్కొక్కరే రొప్పుతూ పక్కకు తప్పుకున్నారు, నాకు మాత్రం ఆయాసం రాలేదు. వాళ్ళకు నేర్పించే కన్నియమ్మ, రిటైరైన కానిస్టేబుల్, పొదటూరుపేట మనిషి, మన మాటే మాట్లాడుతుంది. విజిల్ నోట్లోంచి తీసి, "ఎవురుమ్మా నువ్వు? యాడ దాంకోని ఉణ్ణావు ఇన్నాళ్ళూ?" అని అరిచింది. స్కూల్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతానని చెప్పాను. రేపట్నుంచి చీర కట్టుకుని రావద్దంది.

ప్యాంటు వేసుకున్న రోజున మీ మరిది నన్ను చూసి పేపరు మడిచి లోపలికి పోయాడు. వారం దాకా మాట లేదు. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున, నేను పిలవకుండానే, తలుపు గొళ్ళెం తీసి నాకంటే ముందు బయట నిలబడ్డాడు. ఇప్పుడు రోజూ వచ్చి గ్రౌండు గట్టు మీద నా చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. కింద పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారంటాడు. ఆ పాత చెప్పులు ఎవరెత్తుకుపోతారు అక్కా!

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఆదివారం ఒక కంటి ఆసుపత్రి వాళ్ళు ఆడవాళ్ళకు పరుగు పందెం పెట్టారు. అందులో రెండో స్థానం వచ్చింది. కన్నియమ్మ సంతోషించకపోగా నా మీద మండిపడింది. ఎందుకంటే మొదట వచ్చినావిడ పసుపు చొక్కా వేసుకుని ఉంది. సగం దూరంలోనే ఆవిడను పట్టేశాను. పట్టేశాక, దాటడానికి కాళ్ళు రాలేదు. పసుపు బట్ట ముందర పోతుంటే నేనెట్లా దాటేది? గీత దాకా బుద్ధిగా ఆవిడ వెనకే పోయాను. "ఆమె నిలబడితే నువ్వూ నిలబడేసినావే! పందెమా, పెండ్లి ఊరేగింపా?" అని కన్నియమ్మ అందరి ముందూ కడిగేసింది. ఆమెకు ఏం చెప్పను? నీకైతే చెప్పకుండానే అర్థమవుతుంది.

కోపం రాలేదు కదా? వచ్చినా సరే, జవాబు రాయి.

నీ దేవకి

*

తిరుత్తణి,
ఫిబ్రవరి 11

దేవకీ,

నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి పుట్టాయి. పక్కింటి వైష్ణవి గోడ మీద నుంచి తొంగిచూసి, "ఏందత్తా, ఒక్కదానివే నవ్వతాండావు?" అని అడిగింది. మా చెల్లెలు పసుపు చొక్కా చూసి కావడి అనుకున్నదని ఆ పిల్లకు చెబితే ఏం అర్థమవుతుంది?

ఆరు నెలలు నాకు చెప్పకుండా దాచావు, అది మాత్రం మరిచిపోను. ప్యాంటు సంగతి కూడా మరిచిపోను. ఒక ఫోటో తీసి పంపు, కోపం అప్పుడు పడతాను.

ఇక బుద్ధి చెప్పే పని. అమ్మ చెప్పిన మాటలు రెండూ నాకు గుర్తే. "కావడి ముందర ఎవురూ అడుగు పెట్టగూడదు. కావడి ఎత్తినోళ్ళు ఎనక్కి తిరిగి చూడగూడదు." అయితే అమ్మ ఆ మాట అన్నది ఆడికృత్తిక రోజున సామికి మొక్కు కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండ ఎక్కే దారికి. తిరువళ్ళూరులో ఎవరో పసుపు చొక్కా వేసుకుని పరుగెత్తే దారికి కాదు. ఆవిడ భుజం మీద కావడి ఉందా? నెమలి ఈకలున్నాయా? మరి ఎందుకు దాటలేదు?

నాకు తెలుసులే ఎందుకో. నాలుగేళ్ళు వచ్చే దాకా నువ్వు నడవలేదు. పసితనంలో వచ్చిన ఆ జ్వరం తర్వాత నీ కాళ్ళు తోటకూర కాడల్లా ఉండేవి. చంక దించితే ఏడుపు. పిల్ల నడిస్తే ఏటేటా మా ఇంటి నుంచి పూల కావడి వస్తుంది, దాని వెనక పిల్ల తన కాళ్ళతో నడిచి వస్తుంది అని అమ్మ మొక్కుకుంది. మొదట అమ్మ ఎత్తింది, అమ్మ పోయాక నేను ఎత్తుతున్నాను. నువ్వు ఎప్పుడూ నా వెనకే. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, మీ ఆయన వద్దన్నా, జ్వరంతో ఉన్నా, ఒక్క ఏడు తప్పలేదు. వెనక నడిచీ నడిచీ నీకు అదే నడక అయిపోయింది.

ఈసారి ఎవరైనా అడ్డమొస్తే దాటు. నేను చెబుతున్నాను కదా, దాటు.

ఏం తింటున్నావు? పరుగెత్తాక ఖాళీ కడుపుతో స్కూలుకు పోవద్దు. రాత్రి నానేసిన వేరుశనక్కాయలు తిను. నాకు కొత్త చెప్పు కరిచి చిటికెన వేలి దగ్గర పుండు పడింది, పసుపు రాశాను. అదొక్కటే ఇక్కడ విశేషం.

అక్క కాంచన

*

తిరువళ్ళూరు,
ఏప్రిల్ 9

అక్కా,

దాటాను!

జిల్లా పోటీ మా గ్రౌండులోనే జరిగింది. వయసు వారీగా పెడతారు, మాది యాభై ఐదు దాటిన వాళ్ళ వరుస. ముందర ఇద్దరు పోతున్నారు. ఒకావిడను దాటాను, ఏమీ అనిపించలేదు. రెండో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కాళ్ళు బరువెక్కాయి. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఏం చేశానో చెబితే నవ్వుతావు. కావడితో కొండెక్కేటప్పుడు అరిచినట్టు "అరోహరా!" అని గట్టిగా అరిచి దాటాను. ఆవిడ హడలిపోయి పక్కకు జరిగి దారిచ్చింది. పాపం, అయిపోయాక పోయి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "నువ్వు అరిచిన అరుపుకు సామే వచ్చినాడనుకుంటిని" అని ఆవిడా నవ్వింది.

మొదటి స్థానం. కప్పు ఇచ్చారు. రంజిత ఆ కప్పులో అప్పుడే చింతపండు వేసి అటక మీద పెట్టేసింది. మీ మరిది చూసి చింతపండు డబ్బాలోకి మార్చి, కప్పు తుడిచి, టీవీ పక్కన పెట్టాడు. మధ్యాహ్నం చూస్తే దానికి కుంకుమ బొట్టు కూడా ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా వంట బాగుందని ఒక్కసారి చెప్పిన మనిషి కాదు. నాకు వంటింట్లోకి పోయి ఏడవాలనిపించింది, ఏడ్చాను కూడా.

అక్కా, ఈ వయసులో ఇది ఏమిటో నాకే తెలియడం లేదు. పరుగెత్తుతున్నంతసేపూ నేను ఎవరి అమ్మనూ కాదు, ఎవరి అత్తనూ కాదు, పప్పు మాడిందా అనే ధ్యాస ఉండదు. నా కాళ్ళు నా మాట వింటాయి. అది నాకు చాలా ఇష్టంగా ఉంది. ఇష్టమని నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రాష్ట్ర పోటీకి పంపిస్తానంటోంది కన్నియమ్మ. ఆ సంగతి తర్వాత రాస్తాను.

నీ పుండు మానిందా? రెండుసార్లు ఫోన్ చేస్తే విఘ్నేష్ ఎత్తి అమ్మ పడుకుందన్నాడు. పొద్దున పది గంటలకు నువ్వు పడుకోవడమేమిటి? మే నెల సెలవులకు ఎప్పటిలాగే పది రోజులు నీ దగ్గరికి వస్తాను. తీరిగ్గా మాట్లాడుకుందాం.

దేవకి

*

తిరుత్తణి,
మే 3

దేవకీ,

కప్పుకు బొట్టు పెట్టిన మరిదిని నేను మెచ్చుకున్నానని చెప్పు.

ఈ సెలవులకు నువ్వు రావద్దు. ఇంటికి సున్నం కొట్టిస్తున్నాం, సామాను అంతా వీధిలోనే ఉంది, నీకు పడుకోవడానికి చోటుండదు. ఎండలు కూడా మండిపోతున్నాయి. నువ్వు ఉన్నచోటే ఉండి పరుగెత్తుకో.

నేను బాగున్నాను. ఎక్కువ రాయడానికి కుదరడం లేదు.

కాంచన

*

తిరువళ్ళూరు,
జూన్ 14

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. సున్నం కొడితే చోటుండదా? నాకు చోటు కావాలని ఎప్పుడడిగాను? కడంబత్తూరులో మన పుట్టింట్లో అమ్మ ఉన్నప్పుడు ఒకే చాప మీద నువ్వూ నేనూ ఎన్నేళ్ళు పడుకోలేదు? రావద్దనడానికి వేరే కారణం ఉంటే చెప్పు. నేను ప్యాంటు వేసుకుని తిరుగుతున్నానని ఆ వీధిలో ఎవరైనా ఏమైనా అన్నారా? అన్నా నువ్వు పట్టించుకునే మనిషివి కాదనుకున్నాను.

సరే, అది వదిలేయి. పోయినసారి తర్వాత రాస్తానన్న సంగతి ఇప్పుడు రాస్తాను. రాష్ట్ర పోటీ కోయంబత్తూరులో. పది కిలోమీటర్ల పరుగు. తేదీ చూస్తే సరిగ్గా ఆడికృత్తిక రోజు. నాకు ఏప్రిల్లోనే తెలుసు. నీకు చెబితే ఏమంటావోనని ఆపాను, నేనూ ఏమనుకోవాలో తెలియక ఆపాను.

ఇప్పుడు తేల్చుకున్నాను. నేను పోవడం లేదు. కన్నియమ్మకు చెప్పేశాను. "ఈ ఏడు పోకుంటే మళ్ళీ ఎప్పుడు పోతావు? వయసేమన్నా ఎనక్కి పోతాదా?" అని కోప్పడింది. మీ మరిది మాత్రం, "నీకు పోవాలని ఉండాదా లేదా? అది చెప్పు ముందు" అని అడిగాడు. ఉంది. లేదని నీకు అబద్ధం రాయను. రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ గ్రౌండే కనబడుతోంది. కానీ నీ కావడి వెనక నేను లేకుండా ఆ రోజు ఎట్లా గడుస్తుంది? సామి ఇచ్చిన కాళ్ళు ఇవి. ఇచ్చిన ఆయన దగ్గరికి పోకుండా ఇంకో చోటికి పరుగెత్తుతూ పోతే, ఆ పరుగు నాకు ఒంటబడుతుందా?

కాబట్టి ముందురోజు సాయంత్రమే ఎలక్ట్రిక్ రైలుకు వచ్చేస్తాను. నాకు సున్నం వాసన పడుతుంది.

దేవకి

*

వేలూరు,
జూలై 6

దేవకీ,

పైన ఊరి పేరు చూశావు కదా. చూసి లేచి నిలబడి ఉంటావు. కూర్చో. పూర్తిగా చదివే దాకా లేవద్దు.

సున్నం కొట్టించలేదు. వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. ఆ చిటికెన వేలి పుండు మానలేదు. షుగరు కదా, వేలు నల్లబడింది. తర్వాత దాని పక్కది కూడా. మే నెలలో మంచం దిగలేకపోయాను, అందుకే నిన్ను రావద్దన్నాను. వస్తే నువ్వు పరుగు మానేసి నా మంచం పక్కన కూర్చునేస్తావని భయపడ్డాను. పోయిన వారం ఇక్కడి ఆసుపత్రిలో కుడి పాదం ముందు సగం తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. మడమ ఉంది, కర్ర పట్టుకుని నడవచ్చంటున్నారు. విఘ్నేష్ ఆటో తోలడం మానేసి నా దగ్గరే ఉన్నాడు.

ఇదంతా నీకు పోటీ అయ్యే దాకా చెప్పకూడదనే అనుకున్నాను. నువ్వు నా కావడి కోసం ఆగిపోయానని రాసినప్పుడు ఇక దాచి లాభం లేకపోయింది. ఈ ఆడికృత్తికకు కావడి లేదు దేవకీ. ఎత్తేదానికి నాకు కాలు లేదు. ముందర నేను లేనప్పుడు నువ్వు ఎవరి వెనక నడుస్తావు?

ఏడవకు. నాకు ఏడుపు వచ్చినంత వచ్చింది, ఆ పనైపోయింది. ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ మొక్కు నా కోసం కాదు. అమ్మ మొక్కుకున్నది నీ కాళ్ళ కోసం. ఇన్నేళ్ళు నేను భుజం కాయలు కాచేలా ఆ కావడి ఎత్తింది నీ కాళ్ళ కోసం. ఆ కాళ్ళు రాష్ట్రం మొత్తంలో ముందు పరుగెత్తే రోజు వస్తే, కావడి వెనక నడవలేదని సామి కోపగించుకుంటాడా? నాకైతే వస్తుంది కోపం, నువ్వు పోకపోతే.

నువ్వు ఇక్కడికి రావద్దు. వస్తే కళ్ళు తెరవను, మాట్లాడను. నేను చెప్పినట్టు చేసే మనిషినని నీకు తెలుసు. కోయంబత్తూరు పో. ఎవరినీ చూసి ఆగవద్దు.

అక్క

*

తిరువళ్ళూరు,
ఆగస్టు 20

అక్కా,

నువ్వు మాట నిలబెట్టుకున్నావు. నీ ఉత్తరం అందిన మరునాడే మీ మరిదీ నేనూ వేలూరు వచ్చాం. నువ్వు నిజంగానే కళ్ళు తెరవలేదు. కానీ రెప్పలు ఆడుతూనే ఉన్నాయి. కట్టు కట్టిన కాలు చూశాను. దాని గురించి రాయలేను. ఏం చేయాలో తోచక నీ తల దువ్వాను. జడ అల్లడానికి అందక ఇబ్బంది పడుతుంటే నువ్వు మెడ కాస్త పైకెత్తి ఇచ్చావు. నిద్రపోయేవాళ్ళు మెడ ఎత్తుతారా? ఆ గుమ్మం దాటాకే నేను కోయంబత్తూరు పోవాలని నిర్ణయించుకున్నాను. నువ్వు చెప్పినందుకు కాదు, నువ్వు అట్లా పట్టుదలగా పడుకున్నందుకు.

అక్కా, గెలిచాను. బంగారు పతకం. మా వయసు వాళ్ళలో అక్కడ ఇంత వేగంగా ఎవరూ రాలేదని మైకులో చెప్పారు. ఫోన్లో నీకు ఇంతవరకే చెప్పాను, అప్పుడు నువ్వు ముక్కు చీదుకున్నావు. మిగతాది ఫోన్లో చెప్పేది కాదు.

సగం దాకా తూత్తుకుడి నుంచి వచ్చిన ఒక పొడుగావిడ వెనక పరుగెత్తాను. బాగా పరుగెత్తే మనిషి. ఆవిడ వీపు చూస్తూ హాయిగా పోతున్నాను. తర్వాత ఆవిడ కాస్త నెమ్మదించింది, నేను దాటాను. ఈసారి అరవలేదులే. దాటాక చూస్తే ముందర ఎవరూ లేరు. పరుగు కోసం వేసిన ఎర్ర దారి ఒక్కటే ఉంది. అక్కా, నాకు ఎంత భయమేసిందో! పుట్టి బుద్ధెరిగాక నా ముందర ఎవరి వీపూ లేకుండా నేను నడిచింది లేదు. అమ్మ వీపు, తర్వాత నీ వీపు. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆగిపోదామా అనిపించింది.

వెనక్కి తిరిగి చూడొద్దని కన్నియమ్మ చెప్పి పంపింది, చూస్తే అడుగు పోతుందట. చూడలేదు. చూడకుండా పోతుంటే వెనక నుంచి అడుగుల చప్పుడు వినబడింది. ఆవిడవి, ఆమె వెనక ఇంకెవరివో. ఎవరు దగ్గరికొస్తున్నారో, ఎవరు అలిసిపోయారో చప్పుడును బట్టి తెలిసిపోతోంది. అప్పుడు ఒక సంగతి తెలిసింది. నువ్వు కావడి ఎత్తినప్పటి నుంచి నాకు నీ మీద ఒక చిన్న కోపం ఉండేది. ఎండలో నీ వెనక కాళ్ళు కాలుతూ వస్తుంటే ఒక్కసారైనా నా వైపు చూడవేమని. అమ్మ పెట్టిన నియమమని తెలిసినా ఆ కోపం పోలేదు. మెట్ల దగ్గర నేను అలిసినప్పుడల్లా నువ్వు ఎందుకు నెమ్మదిగా నడిచేదానివో, నాకు బలం వచ్చినప్పుడు ఎందుకు వేగం పెంచేదానివో ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ నువ్వు నా అడుగులు వింటూ నడిచావు. అది తెలిశాక భయం పోయింది. గీత దాటేటప్పుడు నేను ఏడుస్తున్నాను. అందరూ గెలిచిన సంతోషమనుకున్నారు.

ఇక నా మాట. ఆడి నెల పోయినా, దాని తర్వాతి ఆవణి నెలలో కూడా కృత్తిక వస్తుంది. ఆ రోజు మన ఇంటి కావడి కొండెక్కాలి. నేను ఎత్తుతాను. నా కాళ్ళ కోసం నువ్వు ఎత్తావు, నీ కాలి కోసం నేను ఎత్తుతాను. మొక్కుకునేశాను, ఇక నువ్వు వద్దనడానికి లేదు. మెట్లు వద్దు, బండ్లు పోయే దారిలో పోదాం. నువ్వు విఘ్నేష్ ఆటోలో వెనక రా. కావడిని దాటకూడదని వాడికి గట్టిగా చెప్పు. నేను మెల్లగా నడుస్తాను, నీకు కుదుపు లేకుండా.

దేవకి

*

తిరుత్తణి,
ఆగస్టు 27

దేవకీ,

కావడి అటక మీద నుంచి దించి తుడిపించాను. నెమలి ఈకలు కొత్తవి తెచ్చారు. పూలకు చెప్పి పెట్టాను. నీ పసుపు చీర ఉతికి మడత పెట్టి ఉంచాను. ప్యాంటు మీద కట్టుకుంటావో, ఎట్లా కట్టుకుంటావో నీ ఇష్టం. మరిదిని కూడా తీసుకురా, నా పక్కన కూర్చుని నీ చెప్పులు పట్టుకుంటాడు.

విఘ్నేష్‌కు నువ్వు చెప్పమన్నది చెప్పాను. "పిన్నమ్మ పరిగిస్తే నా ఆటో యాడ దాటతాది?" అన్నాడు.

నా కోసం మెల్లగా నడవొద్దు. కొండ దారి బాగుంది, నీ కాళ్ళు ఎంత పోతే అంత పో. వెనక్కి మాత్రం తిరిగి చూడకు. వినబడుతుంది కదా, నేను వెనకే ఉంటాను.

అక్క